అప్పడం మీద అప్పీలు

మా తమ్ముడి కూతురు తిరువూరులోనే, మా మేడ మీది గదిలో కూర్చుని, విజయవాడ ఆడిటరు గారెవరికో ఇంగ్లండు వాళ్ల పన్నుల రిటర్నులు తయారుచేసి పెడుతుంటుంది. మధ్యాహ్నం కాఫీకి కిందికి దిగినప్పుడల్లా ఆ దేశపు కబుర్లు మోసుకొస్తుంది. ప్రైవేటు బడుల ఫీజుల మీద కూడా పన్ను వేశారనీ, పొలాలు పిల్లలకు సంక్రమించేటప్పుడు పన్ను కట్టాలన్నందుకు రైతులు ట్రాక్టర్లేసుకుని లండన్ వీధుల్లోకి వచ్చారనీ చెబుతుంటే ఊఁ కొడుతూ వింటాను. మొన్న మాత్రం కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. "పెదనాన్నా, ఇది విన్నారా? అక్కడ అప్పడం మీద కేసంట! పేజీలకు పేజీలు తీర్పు రాశారు" అంది.

అక్కడ తిండి వస్తువుల్లో చాలావాటికి పన్ను లేదట గానీ బంగాళాదుంప చిప్సుకు ఉందట. పొట్లాల్లో చిట్టి అప్పడాలు అమ్మే కంపెనీ ఒకటి, అవి చిప్సు కిందికి రావనీ, చట్నీ లాంటిదేదో ఉంటేనే వాటిని తింటారనీ వాదించిందట. జడ్జీలు అంతా ఓపిగ్గా విని, పిండిలో దుంప ఉంది, పొట్లం విప్పి అలాగే తినెయ్యొచ్చు, కనుక పన్ను కట్టాల్సిందే అన్నారట. పిల్ల నవ్వుతోంది. నాకేమో ఒళ్లు మండిపోయింది. ఓడిపోయిన ఆ లాయరెవరో గానీ, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మీద ఈ వయసులో నాకు అసూయ పుట్టుకొచ్చింది. ఎందుకో మీతో చెప్పుకోవాలి, సేల్స్ టాక్సు రోజులు చూసిన మన ఈడు వాళ్లకైతేనే అది అర్థమవుతుంది.

అప్పట్లో మా బజారులో సేల్స్ టాక్సు ప్లీడరు గారి దగ్గర ఇద్దరం జూనియర్లం ఉండేవాళ్లం, నేనూ, ఆయన మేనల్లుడూ. ఫైళ్లు కుట్టడం, సెక్షన్లు వెతకడం, మిల్లుల చుట్టూ తిరిగి కాగితాలు పోగుచేయడం నా వంతు, హియరింగు నాడు ఇస్త్రీ చొక్కాతో లేచి నిలబడి మాట్లాడటం అతని వంతు. మనిషి పొడగరి, గొంతు కంచుగంట. చివరికి మా అమ్మ కూడా ఆ అబ్బాయి ఎంత బాగా మాట్లాడతాడో అని మురిసిపోయేది. నేను కుళ్లుకుని చచ్చేవాణ్ణి. అతను కొత్త చొక్కా వేసుకొచ్చిన రోజున నాకు అన్నం సయించేది కాదంటే నమ్మండి.

ఆ రోజుల్లోనే మా పెద్దమ్మకు నోటీసు వచ్చింది. పెదనాన్న పోయాక, తనలాంటి ఆడవాళ్లను నలుగురైదుగురిని చేరదీసి అప్పడాలు చేసి బతుకుతుండేది. పచ్చివే కాక, పెళ్లిళ్లకూ హోటళ్లకూ వేయించి పొట్లాలు కట్టి పంపేది. పచ్చి అప్పడానికి పన్ను లేదు, వేయిస్తే మాత్రం అది మిక్చరు లాంటి చిరుతిండేనని ఆఫీసరు తేల్చేశాడు. దాని మీద వేసే అప్పీలు కూడా పోతే వేయించే పని ఆగిపోతుంది, ఆ ఆడవాళ్లకు కూలి పోతుంది. నువ్వున్నావుగా, నాకేం భయం అని పెద్దమ్మ కాగితాలు తెచ్చి నా చేతిలోనే పెట్టింది.

వేయించినా అప్పడం భోజనంలో భాగమే, పప్పన్నంలోకి నంజుకోనిదే దానికి గతి లేదు అన్న వాదన నాకే తట్టింది. సైకిలు మీద ఎ.కొండూరు, వినగడప, పెనుగొలను తిరిగి, పెళ్లిళ్లకు వండే వంటవాళ్ల చేత, మేము ఈ పొట్లాలు భోజనాల బంతిలో వడ్డించడానికే కొంటాము అని ఉత్తరాలు రాయించుకొచ్చాను. ప్లీడరు గారు చదివి భేషన్నారు. ఈసారి నన్నే నిలబడమంటారని చొక్కా సర్దుకుంటుంటే, మా వాడు చెబుతాడులే, నువ్వు కాగితాలు అందించు అనేశారు.

అప్పట్లో వాయిదా అడగడమంటే మంచినీళ్లు అడిగినంత తేలికని మీకూ తెలుసు. కాగితాలు రాలేదంటే చాలు, ఇంకో తేదీ ఇచ్చేవాళ్లు. ఒక్క వాయిదా పడితే, వచ్చేసారికి మేనల్లుడు ఊళ్లో ఉండడు, బంధువుల పెళ్లికి పోతున్నాడు, అప్పుడిక నేనే మాట్లాడాలి. అలా లెక్క వేసుకుని, ఆ ఉత్తరాలు నా బల్ల సొరుగులో వదిలేసి హియరింగుకు విజయవాడ బస్సెక్కాను, అక్కడికెళ్లాక మర్చిపోయానన్నాను. తీరా చూస్తే అప్పీలు ఆఫీసరుకు బదిలీ అయిందట, ఆ సాయంత్రానికల్లా ఫైళ్లన్నీ తేల్చి వెళ్లాలట, వాయిదా లేదు పొమ్మన్నాడు. మేనల్లుడు వట్టి చేతులతో నిలబడి ఏదో చెప్పాడు. ఆధారం లేదని రెండు ముక్కల్లో కొట్టేశారు. పై కోర్టుకు వెళ్లే ఓపిక పెద్దమ్మకు లేదు. "పోనీలేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు, నీకు మతిమరుపు పెట్టింది నా ఖర్మ" అని నన్నే ఓదార్చింది. నెల తిరక్కుండానే పొయ్యి ఆర్పేసి, సగం మందిని ఇళ్లకు పంపేసింది.

ఆ లండన్ లాయరు ఓడితే ఓడాడు, చట్నీ సంగతితో సహా చెప్పదలుచుకున్నదంతా చెప్పి ఓడాడు. నా మాట బల్ల మీదికే రాలేదు, రానివ్వనిది నేనే. మొన్న ఆ సాయంత్రమే ప్లీడరు గారి మేనల్లుడికి ఫోన్ చేసి, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది కక్కేశాను.

"తెలుసురా. మర్నాడే నీ సొరుగులో చూశాను. మావయ్యకి చెబితే నిన్ను తీసేస్తాడు, మీ ఇంట్లో నీ జీతమే కదా ఆధారం, అందుకని ఊరుకున్నా" అన్నాడు.

ఇప్పుడు నోటీసు కంప్యూటర్లో వస్తుంది, జవాబు కంప్యూటర్లోనే పోతుంది. కాగితాలు పట్టుకుని ఒకడూ, గొంతు సవరించుకుని ఇంకొకడూ ఆఫీసు వరండాలో పక్కపక్కన నిలబడే పని లేదు. మా పిల్లకు తనతో పాటు పనిచేసే మనిషి మొహం కూడా తెలియదు, ఇక దేన్ని చూసి కుళ్లుకుంటుంది! ఫోను పెట్టేశాక నాకు సిగ్గు వేసింది, పెద్దమ్మ గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది. కానీ వాటికంటే ముందు, ఆ మంచితనం కూడా వాడికే దక్కిందే అని కడుపు రగిలిపోయింది.