అత్త చక్కెర డబ్బా

పొద్దున కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర రేగిపండ్ల రాశి చూశాను. ఆ పులుపూ తీపీ కలిసిన వాసన ముక్కుకు తగలగానే పాత కోపం లేచి కూర్చుంది. ఫ్రెండ్స్, మీ ఇళ్ళల్లోనూ ఉండేదా, పిల్లలకు అందకుండా పై గూట్లో పెట్టే చక్కెర డబ్బా? మా మేనత్త దగ్గర ఉండేది. తన పిల్లల కాఫీలో రెండేసి చెంచాలు వేసేది. మేం పోతే మాత్రం, "మీకు చక్కెర ఎందుకు? చేన్లో రేగిపండ్లుండాయి, ఏరుకోని తినుపోండి" అనేది. ముళ్ళు గీరుకుంటూ అవే తినేవాళ్ళం.

ఇప్పుడు అత్తకు షుగరు. చక్కెర ముట్టద్దని, పండ్లయితే పిడికెడు చాలని డాక్టరు చెప్పాడు. ఆమె వారంగా మా ఇంట్లోనే ఉంది. అందుకే కావాలనే ఆ రేగిపండ్లు కొన్నాను. పిడికెడు పండ్లు ఆమె ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, నా కాఫీలో చక్కెర వేసుకుని గ్లాసు మోగేలా కలిపాను.

అత్త అన్నీ తినేసింది. "ఇంత తియ్యగుంటాయా పాపా! ఇంగొంచెం పెట్టు."

"చాలత్తా. వీటిలోనూ ఉండేది చక్కెరే."

మిగిలిన పండ్లు తీసుకెళ్ళి పై గూట్లో పెట్టాను.