టైమ్ సరయ్యేదాకా ఆగమన్న వసంత

నిన్న పొద్దున వసంత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా... మా అక్క మాలూరులో రైలు దిగి ప్లాట్‌ఫామ్ మీదే పడిపోయిందంట. గుండెనంట. ఇంగ లేదక్కా."

వార్డులో ఉన్నాను. చేతిలో సిరంజి. దాన్ని ట్రేలో పెట్టేసి బయటికి వచ్చాను.

వసంత కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర మా లైన్ ఇళ్ల పిల్ల. స్కూల్ నుంచీ స్నేహం. వాళ్ల నాన్న గని కార్మికుడు, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆయన ఉన్నప్పుడు మాత్ర వేసేముందు వసంత ఆ స్ట్రిప్ మీది అక్షరాలన్నీ చదివేది.

తర్వాత కోలారులో ఒకే ఆసుపత్రిలో చేరాం. నేను నర్సు. తను పేషెంట్ల కంప్యూటర్ రికార్డులుండే డేటాబేస్ చూసేది.

ఒకరోజు సర్వర్ పోయింది. వసంత బ్యాకప్ నుంచి పేషెంట్ల రికార్డులన్నీ రిస్టోర్ చేసింది. అందరం చప్పట్లు కొట్టాం.

తను మాత్రం స్క్రీన్ వదల్లేదు.

పాత రికార్డుల్లో టైమ్ లండన్ లెక్కలో ఉంది. కొత్త సర్వర్ దాన్నే మన టైమ్‌గా చూపిస్తోంది. అంటే అయిదున్నర గంటలు వెనక. సర్వర్ పోకముందు, ఆ పొద్దున నేను ఒక తాతకు ఇచ్చిన ఇన్సులిన్, తెల్లవారకముందే ఇచ్చినట్టు కనిపిస్తోంది. వసంత వెంటనే సిస్టమ్ ఆపేసింది.

మేనేజర్ వచ్చాడు. "ముందు సిస్టమ్ ఓపెన్ చెయ్యమ్మా. డాక్టర్లు అరస్తా ఉండారు. సరి చేసేది తర్వాత చూద్దాం."

"చెయ్యను సార్. ఇది చూసి ఇంగో డోసు ఇచ్చేస్తే ఆ తాత ప్రాణం ఎవురు తెస్తారు?"

అన్నింటికీ అయిదున్నర గంటలు కలిపేయమన్నాడు. రిస్టోర్ తర్వాత, తను ఆపేలోపు ఎక్కించినవి సరిగ్గానే ఉన్నాయి, కలిపితే అవీ చెడతాయంది వసంత. వేరే కాపీ మీద పాతవి మాత్రమే సరిచేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేషెంట్ టైమ్‌నీ వార్డు కాగితాలతో పోల్చి చూసింది. అంతవరకూ మేం కాగితాల మీదే రాసుకున్నాం.

ఎవరికీ ఏమీ కాలేదు.

కానీ వసంత కాంట్రాక్ట్ మాత్రం పొడిగించలేదు. మొండిమనిషి అన్నారు.

నేను ఏడిస్తే తనే ఓదార్చింది. "పోనీలే శాంతీ. తాత బతికి ఇంటికి పోయినాడు గదా."

అప్పటి నుంచే మాలూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. రోజూ ఆ రైలు, ఆ రద్దీ. ఆయాసంగా ఉందంటే చూపించుకోమన్నాను. సెలవు దొరకలేదంది.

నిన్న సాయంత్రం తనను ఇంటికి తెచ్చారు. మెడలో ఐడీ కార్డ్ అలాగే ఉంది. తీయబోతే వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీమ్మా. పనికి పోతా ఉండింది నా బిడ్డ."

వెళ్లిరా వసంతా. ఇకనైనా నీకు నెమ్మది దొరకాలి.