ఎడమ పక్క డోలు

ప్రగతి నగర్ నుంచి మాదాపూర్ వెళ్లడాన్ని యాత్ర అంటే మా ఆవిడ పకపకా నవ్వింది. నవ్వదా మరి? మధ్యలో బస్సు సరిగ్గా దొరికితే గంట ప్రయాణం. అయితే ఆ శనివారం నేను సర్దుకున్న సంచి చూస్తే ఎవరైనా వారం రోజుల ప్రయాణమే అనుకుంటారు. నాలుగు జతల ఇన్-ఇయర్ మానిటర్లు, వాటికి మూడు సైజుల్లో రబ్బరు టోపీలు, స్పిరిట్ సీసా, దూది, పాటల ప్లేయరు, మంచినీళ్లు.

తెలియని వాళ్లకు ఒక్క మాట. వేదిక మీద పాడేవాళ్లు తమ పాట తమకు వినపడడానికి చెవి లోపల బిగించుకునేవి ఈ మానిటర్లు. ఇప్పుడు మాలాంటి పాటల పిచ్చివాళ్లు కూడా కొని, ఇది గొప్పదా అది గొప్పదా అని కొట్టుకుంటున్నాం. నలభై మందిమి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో ర్యాంకుల జాబితా రాసేది నేను. నాది కాకినాడ, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆఫీసులో నేను పట్టిన తప్పుకు విలువుంటుందో లేదో గానీ గ్రూపులో మాత్రం నా మాట శిలాశాసనం. నేను బాగుందంటే పది మంది కొంటారు, బాగాలేదంటే ఆ పెట్టె వైపు ఎవరూ చూడరు.

ప్రయాణం మొదలైంది కూడా అలాంటి మాట దగ్గరే. జీడిమెట్లలో స్వరూప గారని ఒకావిడ ఉన్నారు. వినికిడి యంత్రాలకు చెవి అచ్చులు తీసే కంపెనీలో పదేళ్లు పనిచేసి, బయటికొచ్చి, చిన్న షెడ్డు కిరాయికి తీసుకుని సొంతంగా మానిటర్లు చేస్తున్నారు. రెండు నెలల కిందట ఒక జత నాకు పంపితే విని, "ఎడమ పక్క సౌండ్ తక్కువ, పనితనంలో లోపం, నాలుగో స్థానం" అని రాశాను. అప్పటికే ఆ జత కొన్న నలుగురు సభ్యులు కూడా "నిజమే, ఎడమ తక్కువే" అన్నారు. ఆ తర్వాత ఒక్కరూ కొనలేదు.

మా గ్రూపు శనివారం మాదాపూర్‌లో కలుసుకుంటుందనగా, ఆ వారమే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "సార్, శనివారం మీటింగ్‌కు నేను వస్తున్న. నా ముందర విని చెప్పుండ్రి. తప్పు నా దిక్కే ఉంటే సోమవారం నుంచి షెడ్డు బంద్ చేసి పాత కంపెనీల పనికి పోత."

అది చదివి నాకు జాలి కలిగిన మాట నిజమే. కానీ చెవి అబద్ధం చెప్పదు కదా అనుకున్నాను.

ఉదయం ఎనిమిదింటికి షేర్ ఆటో ఎక్కి ఎనిమిదీ ఇరవైకి జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ దగ్గర దిగాను. నేరుగా బస్సులో పోతే దగ్గర. నేను కావాలనే మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, చుట్టూ తిరిగి హైటెక్ సిటీ చేరాలనుకున్నాను. ఎందుకంటే రైలు రొదలో పెట్టి చూస్తే ఏ జత బయటి చప్పుడును బాగా ఆపుతుందో తేలిపోతుంది. టికెట్‌కు వంద ఇస్తే చిల్లర వచ్చింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. నాలుగైదు నెలలుగా నేను పరీక్షకు వాడే పాట ఒకటే. కాకినాడలో మా అక్క పెళ్లికి మా మావయ్య రికార్డు చేసిన సన్నాయి మేళం. సన్నాయి కుడి పక్క, డోలు ఎడమ పక్క. ఒక జత పెట్టుకోవడం, అర నిమిషం వినడం, తీసి ఇంకో జత పెట్టుకోవడం. పక్కన సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న పెద్దాయన ఇదంతా చూస్తూ ఉన్నాడు. కూకట్‌పల్లి దాటాక ఇక ఆగలేకపోయాడు.

"ఏంది సార్, ఒకటి తీస్తున్నరు, ఒకటి పెడుతున్నరు. ఖరాబైనయా?"

"లేదండీ, ఏది బాగుందో చూస్తున్నాను."

"పాటలు వేరే వేరేనా?"

"పాట ఒకటేనండీ."

"పాట ఒక్కటే అయితే ఇగ ఎందుకు సార్ గింత పరేషాన్?"

ఇలాంటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పలేం. కొత్త టోపీలు తొడిగి ఆయన చెవుల్లో పెట్టాను. ఆయన మొహం చూడాలి! కళ్లు పెద్దవయ్యాయి, తల ఊగింది, తొడ మీద వేళ్లు దరువేశాయి. "డోలాయన ఉతికి ఆరేస్తుండు సార్. గీ దిక్కు!" అని ఎడమ చెవి మీద చేయి పెట్టుకున్నాడు. ఆ రికార్డులో డోలు దూరంగా, మెత్తగా ఉంటుందని నాకు బాగా తెలుసు. పాపం, మొదటిసారి వింటున్నాడు కదా, ఆయనకేం తెలుస్తుందిలే అని నవ్వుకున్నాను.

అమీర్‌పేటలో రైలు మారి తొమ్మిదీ ఇరవై ఐదుకు హైటెక్ సిటీలో దిగాను. శనివారం కాబట్టి రోడ్డు మీద మెడలో కార్డు వేలాడేవాళ్లు తక్కువ, టిఫిన్ బండి దగ్గర చోటు ఎక్కువ. రెండు ఇడ్లీ, ఒక వడ, అల్లం చట్నీ. అక్కడి చట్నీకి నా జాబితాలో ఎప్పుడూ మొదటి స్థానమే.

మీటింగ్ మాదాపూర్ సందులో, రెండో అంతస్తులోని ఒక కాఫీ హోటల్లో. పదిన్నరకల్లా పద్నాలుగు మంది చేరారు. బల్ల నిండా పెట్టెలు, తీగలు. ఎంత ఆనందమో! ఇంట్లో పిచ్చివాడనిపించుకున్న ప్రతివాడూ అక్కడ పండితుడే. మాకు కొన్ని నియమాలున్నాయి. ఎవరి టోపీలు వాళ్లే తెచ్చుకోవాలి. విన్న ప్రతిసారీ స్పిరిట్ దూదితో తుడవాలి. అన్నిటి సౌండూ మీటరు పెట్టి సమానం చేయాలి, ఎందుకంటే సౌండ్ ఎక్కువున్నదే మంచిదనిపించడం మనుషులందరి బలహీనత.

స్వరూప గారు ముందే వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. ముప్పై ఐదేళ్లుంటాయి. వేళ్ల కొసలకు ఎండిన జిగురు మరకలు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "నమస్తే సార్. చాయ్ తాగినరా?" అన్నారు. కోపమేమీ లేదు, అదే ఇబ్బందిగా అనిపించింది.

మా గ్రూపు పెద్ద నవీన్ పదకొండుంబావుకు పరీక్ష మొదలుపెట్టాడు. ఐదు జతలు, ఐదు నంబర్ల సంచులు. నాలుగు నావి, ఒకటి జీడిమెట్ల జత, ఏ సంచిలో ఏదుందో నాకు తెలియదు. నా కళ్లకు తువ్వాలు కట్టాడు. చేత్తో ముట్టుకుంటే ఆకారం తెలిసిపోతుందని తనే నా చెవుల్లో పెడుతున్నాడు. సన్నాయి మేళం మొదలైంది.

ఒకటో నంబరు విన్నాను, ఎడమ పక్క తక్కువ. రెండోదీ అంతే. మూడు, నాలుగు, ఐదు కూడా. తువ్వాలు కింద చెమట పట్టింది. ఐదూ తప్పెలా అవుతాయి? ఆలోచించి, అన్నిటికన్నా ఎడమ ఎక్కువ తగ్గినట్టనిపించిన నాలుగో నంబరును పట్టుకున్నాను.

"నాలుగోది జీడిమెట్ల జత. పందెం!" అన్నాను.

తువ్వాలు విప్పుకుని చూస్తే నవీన్ చేతిలో ఉన్నది నా నల్ల జత. జాబితాలో రెండేళ్లుగా నేను మొదటి స్థానంలో కూర్చోబెట్టిన జత.

"ఆడలేక మద్దెల ఓడు అంటారే, అలా ఉంది బ్రో సిట్యుయేషన్," అన్నాడు నవీన్. అందరూ ఘొల్లుమన్నారు. స్వరూప గారు మాత్రం నవ్వలేదు. సంచిలోంచి గుండ్రటి మామూలు జత ఒకటి తీశారు. ఏ చెవికైనా పట్టే రకం అది.

"సార్, ఒకసారి ఇవి వినుండ్రి. ఇప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి పెట్టుకోండ్రి."

మార్చి పెట్టుకున్నాను. డోలు ఇప్పుడు కుడి చెవిలోకి వచ్చి దడదడా మోగింది. అయినా తక్కువగా ఉన్నది మళ్లీ ఎడమే.

"జర ఇటు తిరుగుండ్రి," అని ఫోన్ లైటు వేసి నా ఎడమ చెవిలోకి చూశారు. "పదేండ్లు దినాం ఇరవై చెవులు చూసేదాన్ని సార్. ఫికర్ చేయకుండ్రి. గుబిలి గట్టిగ పేరుకుపోయింది, తొవ్వ మొత్తం మూసుకుపోయింది."

గుబిలి అంటే మా వైపు గులిమి. నలభై మందికి ర్యాంకులిచ్చే చెవిలో గులిమి! హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల దడగానే ఉంది. గులిమే కాకుండా ఇంకేమైనా అయితే? వినికిడి పోతే నాకు ఇంకేం మిగులుతుంది?

పన్నెండూ ఇరవైకి నాలుగు సందుల అవతల చెవి డాక్టరు దగ్గరున్నాను. స్వరూప గారే తోడొచ్చారు. డాక్టరమ్మ చూసి, "రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటారండీ ఇయర్‌ఫోన్లు?" అంది.

"ఎనిమిది గంటలండీ."

"ఎందుకు అంతసేపు?"

"ఏది బాగా వినపడుతుందో తేల్చడానికండీ."

ఆవిడ నర్సు వైపు చూసింది. నర్సు గోడ వైపు చూసింది. దూదిపుల్లలతో శుభ్రం చేస్తున్నాననుకుంటూ నెలల తరబడి నేనే గులిమిని లోపలికి కూరానట. పైన ఈ రబ్బరు టోపీలు బిరడాల్లా పనిచేశాయి. గోరువెచ్చని నీళ్లు పిచికారీ కొట్టి కడిగింది. శనగగింజంత బయటపడింది. చెవి పొరకు ఏమీ కాలేదని చెప్పింది.

ఆ తర్వాతి క్షణం ఎలా చెప్పను! ఫ్యాను చప్పుడు నా మీద పడింది. నర్సు చెప్పులు, కాగితం చింపిన శబ్దం, రోడ్డు మీద ఎవరో బేరమాడడం, అన్నీ ఒక్కసారి ఎడమ వైపు నుంచి లోపలికొచ్చాయి. పెళ్లివారు దిగినట్టుంది. సంతోషం పట్టలేక మా ఆవిడకు ఫోన్ చేసి, చాలా కాలానికి ఎడమ చెవికి పెట్టుకున్నాను.

"ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను చెవి చూపించుకోండని. వింటేగా!" అంది.

మెట్లు దిగుతుంటే మాత్రం సిగ్గేసింది. ఆరు నెలలుగా నాకు అన్నిట్లోనూ ఎడమ తక్కువే వినపడుతోంది. పెద్ద కంపెనీ పెట్టెలో వచ్చిన వాటిలో వినపడితే రికార్డింగే అలా ఉందనుకున్నాను. జీడిమెట్ల షెడ్డు నుంచి వచ్చిన దాంట్లో వినపడితే పనితనంలో లోపం అని రాశాను. తప్పులు పట్టే ఉద్యోగం చేస్తూ నన్ను నేను ఒక్కసారీ పరీక్షించుకోలేదు.

"క్షమించండి స్వరూప గారూ," అన్నాను.

"అది తర్వాత సార్. ముందుగాల తిందాం, ఆకలైతుంది," అన్నారావిడ. రోడ్డు పక్క మెస్సులో పప్పు, దొండకాయ వేపుడు, పెరుగుతో భోజనం చేశాం.

చెవి బాగా ఆరాక, తక్కువ సౌండుతో, కాసేపే అని డాక్టరమ్మ అనుమతిచ్చింది. మూడింటికి మళ్లీ తువ్వాలు, మళ్లీ ఐదు సంచులు. మొదటి దెబ్బకే డోలు నా ఎడమ చెవి పక్కన నిలబడి వాయించింది. ఆ డోలాయన మెత్తగా వాయించలేదు, ఉతికి ఆరేశాడు. పొద్దున మెట్రో పెద్దాయన చెప్పిందే నిజం. అక్క పెళ్లి పందిరంతా కళ్ల ముందుకొచ్చింది. తువ్వాలు తడిసింది, ఈసారి చెమటకు కాదు.

నా ర్యాంకులు తలకిందులయ్యాయి. రెండేళ్ల నల్ల జత మూడో స్థానానికి పడింది. నేను పెద్దగా పట్టించుకోని వెండి రంగు జత మొదటికొచ్చింది. సన్నాయి ఊపిరి కూడా వినపడింది దాంట్లో. రెండోది జీడిమెట్ల జత. డోలుకు దాన్ని మించింది లేదు, కానీ సన్నాయి పైకి వెళ్లినప్పుడు కాస్త గరుకుగా ఉంది. ఆ మాట చెప్పడానికి తటపటాయించాను. పొద్దుటి తప్పుకు బదులుగా మొదటి స్థానం ఇచ్చేద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. చివరికి ఉన్నదే చెప్పాను.

స్వరూప గారి మొహం వెలిగిపోయింది. చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. "గరుకు నాకు కూడ అనుమానమే ఉండె సార్. లోపల సన్నటి వల ఉంటది, గా జాలీ మారిస్తే పోతది. ఎడమ తక్కువ అన్నప్పుడు మాత్రం ఏం మార్చాల్నో తెల్వక రెండు నెలల్ల పదకొండు జతలు ఇప్పి మళ్ల చేసిన."

సాయంత్రం ఐదూ నలభైకి బస్సు ఎక్కాం. ఇద్దరిదీ జేఎన్‌టీయూ దాకా ఒకే దారి. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆవిడ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నారు, నేను డబ్బులిచ్చి తీసుకున్నాను. కూర్చోగానే ఫోన్ తీసి గ్రూపులో రాయడం మొదలుపెట్టాను.

"గుబిలి సంగతి రాయకుండ్రి సార్, ఇజ్జత్ పోతది," అన్నారు స్వరూప గారు.

దాంతోనే మొదలుపెట్టాను. నా ఎడమ చెవి మూసుకుపోయి ఉందని, జీడిమెట్ల జతలో ఎడమ పక్క ఏ లోపమూ లేదని, ఆవిడ రెండు నెలల కష్టానికి కారణం నేనేనని, పాత జాబితా తీసేస్తున్నానని రాసి పంపాను. బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక జవాబొచ్చింది. ఎడమ తక్కువే అని వంతపాడిన నలుగురిలో ఒకాయన. "నిజానికి నాకు రెండు పక్కలా సమానంగానే వినపడింది. మీరంతటివారు అన్నారు కదా అని..." కాసేపటికి మిగతా ముగ్గురూ అదే రాశారు.

ఫోన్ స్వరూప గారికి చూపించి, "వీళ్ల నలుగురి చెవుల్లోనూ గులిమే అనుకున్నానండీ," అన్నాను.

ఆవిడ చదివి, ఫోన్ నా చేతికిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "వాళ్ల చెవులల్ల గుబిలి లేదు సార్. మీ మాట ఉండె."

జేఎన్‌టీయూ దగ్గర దిగాక జీడిమెట్ల వైపు బస్సు వెంటనే దొరికింది. ఆవిడ మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి, "సోమవారం షెడ్డు తెరుస్త సార్. జాలీ మార్చినంక పంపిస్త, మంచిగ లేకపోతే మంచిగ లేదనే రాయుండ్రి!" అని అరిచారు. అంత ట్రాఫిక్ హోరులోనూ నాకు ప్రతి అక్షరం వినపడింది. ఎడమ వైపు నుంచి.

ఈ దారిలో మీరెవరైనా వెళ్తే టిఫిన్ బండి చట్నీ వదలొద్దు, బయలుదేరే ముందు చెవి చూపించుకోవడం మరవొద్దు. కొత్త జాబితా అడిగితే నేనివ్వను. మా గ్రూపులో ఇప్పుడు అందరూ కళ్లకు తువ్వాలు కట్టుకుని ఎవరి జాబితా వాళ్లే రాసుకోవాలి, నాది అందరికన్నా ఆఖర్న చదవాలి.