సుబ్బులమ్మ నారుమళ్లు

మా తోడికోడలు సుబ్బులమ్మకు మొక్క చస్తుంటే చూసే గుండె లేదు. పెట్టను కోసి కూర వండుతుంది గానీ, నారు వడలిపోతే ఆ పూట అన్నం ముట్టదు. ఎగతాళికి చెప్పడం లేదు. పాతికేళ్లు ఒకే చూరు కింద కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా!

పొదిలి నుంచి కాపురానికి వస్తూ పుట్టింటి మిరప విత్తనం కొంగున కట్టుకొచ్చింది. కాయ పొట్టిది, కారం మాత్రం నషాళానికి అంటుతుంది. ఏటా పండుకాయలు తనే ఏరి, గింజ తీసి దాచేది. కంభం చెరువు కింద మా పల్లెలో అందరి చేలల్లోనూ ఆ మిరపే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, కరుణాకరం అనే గ్రామసేవక్, సేద్యం సంగతులు చెప్పే సర్కారు మనిషి, సైకిలు మీద కొత్త విత్తనం తెచ్చాడు. కాయ పొడుగు, కాపు ఎక్కువట. సుబ్బులమ్మక్క మొగుడు గోవిందయ్య బావ ఎగిరి గంతేశాడు.

"ఇది గెలిచిందంటే నీ విత్తనం మళ్లీ చేలో పోసేది లేదు, చూసుకో!" అన్నాడు.

ఊరివాళ్లూ ఆ మాటే అన్నారు. అక్క పైకి నవ్వింది గానీ, లోపల బెదిరిపోయింది.

ఊరంతా నారు పోసే అదనుకు నెల ముందే కరుణాకరం మా దొడ్లో నాలుగు మళ్లు కట్టించాడు. రెండింటి మీద కంప, ఎండుపేడ పరిచి కాల్పించాడు. నేలలోని తెగులు, కలుపుగింజలు మాడిపోతాయట. మిగతా రెండూ కాల్చలేదు. కాల్చినవాటిలో ఒకటి అక్క విత్తనానికి, ఒకటి కొత్తదానికి. కాల్చనివాటిలోనూ అంతే.

"నీళ్లు తప్ప ఏమీ వేయొద్దమ్మా. నెలకు వచ్చి చూస్తాను" అని చెప్పి వెళ్లాడు.

పదిహేనో రోజున ముసురు పట్టింది. కాల్చిన మళ్లు రెండూ కళకళలాడుతున్నాయి. నిజం చెప్పొద్దూ, అక్కడ కొత్త నారే వేలెడు ఎత్తు ఎక్కువ. కాల్చని మడిలో మాత్రం అక్క నారు నిలబడింది, కొత్త నారు మొదళ్లు మెత్తబడి ఒరిగిపోతోంది. నా సంతోషం పట్టతరం కాలేదు.

"అక్కా, గెలిచినావు పో!" అని అరిచాను.

ఆమె వచ్చి చూసి, "అయ్యో, నా తల్లీ" అంది. అంతే! పొయ్యిలో బూడిద, కాల్చిన మడి గట్టున మట్టి చేటకెత్తి ఒరిగిపోతున్న ఆ కొత్త నారు మడి నిండా చల్లింది.

"నీకేమన్నా పిచ్చా? నీ నెత్తిన నువ్వే మట్టి పోసుకుంటాండావే!" అని తిట్టాను.

"పసికూనలు రంగమ్మా. పందెం సంగతి వాటికేం తెలుసు?" అంది.

చచ్చింది పిడికెడే. మిగతాదంతా లేచి నిలబడింది. నాలుగు వానలకు బూడిద ఆనవాలు కూడా లేకుండా పోయింది.

నెలకు కరుణాకరం వచ్చాడు. ఊళ్లోవాళ్లూ చేరారు.

"కాల్చినా కాల్చకపోయినా కొత్తదే మేలు. అందరూ ఇదే పోసుకోండి, మళ్లు కాల్చే తిప్పలు కూడా వద్దు" అని చెప్పి, తన పుస్తకంలో రాసుకున్నాడు.

బావ మీసం దువ్వాడు. నేను అక్కను గిల్లాను. ఊహూఁ! నిజం చెబితే తన విత్తనం కోసం దేబిరించినట్టు ఉంటుందని ఆమె బాధ. కక్కలేక మింగలేక నిలబడింది.

అప్పుడు దానమ్మ ముందుకొచ్చి కొంగు పట్టింది. మొగుడు పోయి, ఉన్న అరెకరం ఒంటిచేత్తో చేసుకునే మనిషి.

"కంప కొట్టేవాడు లేడు, పేడ వేసే గొడ్డూ లేదు. కాల్చే పన్లేదంటే నాకూ పిడికెడు ఇయ్యి నాయనా" అంది.

"దానికియ్యొద్దు!" అని అక్క అరిచింది. "కాల్చని మళ్లో నీ నారు కూలిపోయింది నాయనా. నేనే బూడిద చల్లి లేపినాను. తిడితే తిట్టు. దాని మళ్లో ఒక్క మొక్క మిగలదు."

కరుణాకరం మళ్లీ పుస్తకం తెరిచాడు. అందులో రాసింది కొట్టేశాడు.

"మడి కాల్చగలిగినవాళ్లు కొత్తది పోయండి. కాల్చలేనివాళ్లు ఈ అమ్మను అడగండి" అన్నాడు.

అక్క లోపలికి పోయి తన విత్తనం తెచ్చి దానమ్మ కొంగులో పోసింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఒక మడికి ఉంచవే" అన్నాడు.

"ఉంచుతా గానీ, ముందు పోయి కంప కొట్టుకురా. ఆ కొత్త పిల్లలకు మడి కాల్చాల" అంది అక్క.