పావుగంట పెద్దరికం

స్టాటిస్టిక్స్ మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీ అంతా చెప్పుకుంటుంది. ఆ కోపం ఎవరి మీదో మాత్రం మొదటి సంవత్సరం పిల్లలకు రెండో పాఠంలో తెలిసిపోతుంది.

ఆ పాఠం చలరాశుల గురించి. మనిషి మనిషికీ మారే సంగతి ఏదైనా చలరాశే అని మొదలుపెడతాడు. కొన్ని అంకెల్లా కనిపించినా ఉత్త పేర్లు. "ఐదో నంబరు బస్సునీ పదో నంబరు బస్సునీ కలిపితే పదిహేనో నంబరు బస్సు రాదు, యాక్సిడెంటు వస్తుంది" అంటాడు నవ్వకుండా. కొన్ని కొలతలు: ఎత్తు, బరువు, వయసు. వాటిని కూడొచ్చు, తీసెయ్యొచ్చు. ఈ రెంటికీ మధ్య ఒక దిక్కుమాలిన జాతి ఉంది, వరస మాత్రమే చెప్పేది. అక్కడికొచ్చేసరికి చేతిలో సుద్దముక్క విరుగుతుంది.

"మొదటివాడు, రెండోవాడు. పెద్ద, చిన్న. ముందెవరో తెలుస్తుంది, ఎంత ముందో తెలియదు. మేం కవలలం. మా అన్న నాకంటే పావుగంట పెద్ద. ఆ పావుగంట పెట్టుకుని యాభై ఏళ్లుగా నా నెత్తినెక్కి కూర్చున్నాడు."

అబద్ధం కాదు. ఇద్దరికీ కలిపి ఒక సైకిలు కొంటే అన్న తొక్కాడు, తమ్ముడు వెనక నుంచి తోశాడు. ఒకసారి పేరుపెట్టి పిలిచినందుకు తండ్రి చెంప వాయగొట్టాడు. ఆనాటి నుంచీ "అన్నయ్యా, మీరు" తప్ప మరో మాట లేదు. తండ్రి ఇనుప సామాన్ల కొట్టు కూడా అన్నకే పోయింది. క్లాసులో పులిలాంటి మాస్టారు అన్న ఎదట పిల్లి. అందుకు తనంటే తనకే అసహ్యం.

ఆ ఆదివారం అన్న వచ్చి, ఎప్పట్లాగే మాస్టారి పడక్కుర్చీలో కూలబడ్డాడు. కొట్లో లెక్కలు చూసే గుమాస్తా మానేశాడట.

"చిన్నాడా, నీ కూతురు రేపట్నుంచి కొట్టుకొస్తుంది. డిగ్రీ అయిందిగా, ఇంకా చదివి ఎవర్ని ఉద్ధరించాలి?"

కూతురికి ఎమ్మెస్సీలో సీటొచ్చింది. చేరడానికి రేపే ఆఖరు. గడపలో నిలబడి చెప్పింది: "నేను రాను పెదనాన్నా."

"పెంపకం తగలడినట్టే ఉంది" అన్నాడు అన్న.

మాస్టారు అన్నకు ఎదురు చెబుదామని నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం అలవాటైన మాటే, అదీ కూతురి మీదకు: "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది?"

ఆ పిల్ల మూడేళ్లు ఆయన క్లాసులోనే ముందు బెంచీలో కూర్చుంది. తండ్రి వంక తిరిగింది.

"ఎంత పెద్ద నాన్నా?"

మాస్టారికి చెంప పగిలినట్టయింది. ఏటేటా పరాయి పిల్లల ముందు కక్కిన కసంతా ఇంట్లో ఒక్కసారీ పనికి రాలేదు. పైగా ఆ వరసనే తెచ్చి కన్నబిడ్డ నెత్తిన పెట్టాడు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

"ఒరేయ్" అన్నాడు.

ఇంకెవరినో పిలిచాడనుకుని అన్న వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్నేరా. పిల్ల రేపు ఎమ్మెస్సీలో చేరుతుంది. నువ్వు లే. ఆ కుర్చీ నాది."