పెద్దాయన ఎండబెట్టుకున్న మట్టలు

మొన్న శుక్రవారం మా అమ్మాయీ అల్లుడూ నన్ను కారెక్కించుకుని, గల్ఫులోని ఈ హుఫూఫ్‌లో పాతకాలపు వస్తువుల ప్రదర్శన ఏదో జరుగుతుంటే చూపించడానికి తీసుకెళ్ళారు. మా అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. విజిట్ వీసా మీద నన్ను రప్పించుకుని రెండు నెలలైంది, వారానికో వింత చూపించకపోతే నాన్న ఇంటికి పోతానని గొడవ చేస్తాడని దాని భయం. ఆ ప్రదర్శనలో ఖర్జూర మట్టలతో కట్టిన గుడిసె ఒకటి, దాని ముందు ఇసుకలో అవే మట్టలతో కట్టిన చిన్న పడవ ఒకటి పెట్టారు. పడవంటే పలకలు, మేకులు ఏమీ లేవు, ఆకులు దూసేసిన మట్టల్ని పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించడమే. ఇది నీళ్ళమీద తేలుతుందా మామయ్యగారూ అని అల్లుడు నవ్వుతూ అడిగాడు. తేలుతుందనీ, అడుగున మట్ట మొదళ్ళు కూరతారు కాబట్టి తేలుతుందనీ చెప్పగలిగినవాణ్ణే, కానీ ఆ పడవ పక్కన ఇసుకలోనే చతికిలబడ్డాను. ఎండ దెబ్బేమోనని వాళ్ళు కంగారుపడి నన్ను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించారు.

ఈ ఊరికి నేను కొత్తవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళ పైమాటే, పెళ్ళైన రెండో ఏడు, గోదావరి కాలువ పక్కన ఉన్న మా ఊరొదిలి ఇక్కడొక ఖర్జూరపు తోటలో పనికొచ్చాను. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో గల్ఫు అంటే ఏ పనో, ఏ ఊరో అడగకుండానే విమానం ఎక్కేవాళ్ళం. మా కఫీలు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఊళ్ళో దుకాణం చూసుకునేవాడు, వారానికొకసారి తోటకొచ్చి లెక్కలడిగి పోయేవాడు. తోటలో ఉండేది వాళ్ళ నాన్న. ఆయన్ని మేమంతా బాబా అని పిలిచేవాళ్ళం, నా మనసులో మాత్రం ఎప్పుడూ పెద్దాయనే. వయసులో ఉండగా ఉఖైర్ సముద్రతీరాన చేపలు పట్టిన మనిషి. కొడుకు కట్టించిన ఏసీ గది వదిలేసి, తోట మూల మట్టల గుడిసె వేసుకుని అందులోనే పడుకునేవాడు. ఆ గుడిసెను వాళ్ళు అరీష్ అంటారు. మట్టల సందుల్లోంచి గాలి వడకట్టినట్టు వచ్చేది, మా నాన్న నేసిన తాటాకింట్లో వేసవి మధ్యాహ్నాలు గుర్తొచ్చి నేను పనున్నా లేకున్నా టీ వంకతో అక్కడికి వెళ్ళేవాణ్ణి.

అన్నట్టు మా నాన్న ఇళ్ళు నేసేవాడు. తాటాకు కొట్టుకొచ్చి, పరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాళ్ళు పెట్టి అదిమేవాడు. అలా కొన్నాళ్ళుంటేగాని ఆకు చదునుకాదు, కప్పుకు పనికిరాదు. ఆ రాళ్ళు మోసింది నేనే. కాలువ దాటడానికి మాకు తాటి దోనె ఉండేది, మధ్యలో గుల్ల చేసిన తాటి మొద్దు, నీళ్ళు తోడటానికి ఒక డబ్బా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియని వాడు చేసిన తప్పు వేరు, నేను చేసింది వేరు.

నేను వెళ్ళిన నాలుగో నెలలో పెద్దాయన కూతురితో కలిసి ఉమ్రా యాత్రకని మక్కా వెళ్ళాడు. అదే సమయంలో కఫీలు ఫోన్ చేసి, చుట్టాలొస్తున్నారు, తోటంతా శుభ్రం చెయ్యి, చెత్త కనబడకూడదన్నాడు. శుభ్రమంటే నాకు పిచ్చి. ఇంట్లో మా ఆవిడ ఊడ్చిన చోట మళ్ళీ ఊడ్చి తిట్లు తిన్న రకాన్ని. రెండు రోజులు కాలువలు తీశాను, ఎండు కమ్మలు పోగేశాను. మూడోరోజు పొద్దున్నే అరీష్ వెనక్కి వెళ్ళి చూస్తే నడుమెత్తున మట్టల కుప్ప. ఆకులన్నీ దూసేసి ఉన్నాయి, మొదళ్ళు ఒకవైపు, కొసలు ఒకవైపు, పొడుగువి వేరు, పొట్టివి వేరు, పైన వరసగా రాళ్ళు.

ఒక్క నిమిషం ఆగిన మాట నిజం. రాయి మీద చెయ్యి వేసినప్పుడే నా చేతికి తెలిసింది, ఇది చెత్త కాదు, ఎవరో చేసుకున్న పని అని. అవతల తోటలో కడప సాయిబు ఒకాయన మోటార్లు చూసేవాడు, పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి, గోడ దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేస్తే చెప్పేవాడు. కానీ ఆ ముందు వారమే ఏదో అడిగినందుకు నన్ను చూసి నవ్వాడు, మళ్ళీ అడగడం నామోషీ అనిపించింది. గాలికి ఎగరకుండా పెట్టుంటార్లే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, రాళ్ళన్నీ ఒక్కొక్కటే నా చేత్తోనే దింపి అగ్గిపుల్ల గీశాను. ఎంత ఎండి ఉన్నాయో, పది నిమిషాల్లో బూడిదయ్యాయి.

పొగ చూసి సాయిబు గోడ దూకి వచ్చాడు. వచ్చి తల పట్టుకున్నాడు.

"ఎంత పని జేస్తివప్పా! పెద్దాయన పడవకని ఏడాదిగా ఎండబెట్టుకుంటాండె గదా అవి!"

"నాకేం తెలుసండీ, చెత్తనుకున్నాను" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

సాయిబు చెబితే తెలిసింది. చేతులు వణకడం మొదలయ్యాక పెద్దాయనకు ఒకటే కోరిక, చివరిసారి తన చేత్తో పడవ కట్టుకుని ఉఖైర్ నీళ్ళమీద ఒక్కరోజు తిరగాలని. ఏడాదిపాటు సాయంత్రం అసర్ నమాజు కాగానే కూర్చుని, రోజుకు నాలుగైదు మట్టలు దూసుకున్నాడట.

ఆ శుక్రవారం పెద్దాయన వచ్చాడు, కొడుకూ వెంట ఉన్నాడు. ఆయన బూడిదను కర్రతో కెలికి చూశాడు. కొడుకు మాత్రం నామీద విరుచుకుపడ్డాడు, ఎవరు చెప్పారు తగలబెట్టమని, ఇవాళే ఎగ్జిట్ కొట్టి పంపిస్తానన్నాడు. నాలుగు నెలల ఉద్యోగం, ఇంటిదగ్గర మా ఆవిడ కడుపుతో ఉంది. అప్పుడు పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యేసి, "అనా గుల్త్ లహ్" అన్నాడు. నేనే చెప్పాను వాడికి, అని. ఆ మాత్రం అరబ్బీ నాకు అప్పటికే వచ్చు. కొడుకు నోరు మూసుకున్నాడు. నేనూ నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. కర్రతో చెట్టుచెట్టుకూ చూపించేవాడు, నేనెక్కి కోసేవాణ్ణి. దూయడం, నారతో తాడు పేనడం, ముడి వెయ్యడం అన్నీ నాకు నేర్పాడు, ఒక్కనాడూ ఆ మంట ఊసెత్తలేదు. కానీ పచ్చి మట్ట ఎండడానికి ఏడాది కావాలి, ఆయన దగ్గర ఏడాది లేదు. తొందరపడి సగం ఎండినవాటితోనే కట్టాం. అవి ఎండేకొద్దీ సన్నబడి ముడులన్నీ వదులైపోయేవి, మళ్ళీ బిగించేవాళ్ళం. చలికాలం రాగానే జ్వరం పట్టుకుంది, కొడుకు ఆయన్ని ఊళ్ళోకి తీసుకుపోయాడు. ఆయన మళ్ళీ తోటకు రాలేదు, సగం పడవ అరీష్ వెనకే ఉండిపోయింది. కొన్నాళ్ళకు నేను దూరంగా సులై అనే చోట గోడౌను పనికి మారిపోయాను, అక్కడున్నప్పుడే సాయిబు కబురు పంపాడు, పెద్దాయన పోయాడని.

నిన్న అల్లుణ్ణి అడిగి ఆ తోటవైపు వెళ్ళాను. తోటలో సగం ఇళ్ళయ్యాయి, మిగిలిన సగంలో కోసిన మట్టల్ని యంత్రంలో వేసి పొట్టు చేస్తున్నారు. మా ఊళ్ళోనూ అంతే, తాటాకిళ్ళు పోయి అన్నీ స్లాబులే, దోనె చూసినవాళ్ళు కూడా తక్కువ. అవి పోయినందుకు ఊరంతా కలిసి బాధపడవచ్చు. నా బాధ పంచుకునేది కాదు.

ఎన్నోసార్లు ప్రార్థనలో దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, ఒప్పుకోవలసింది మాత్రం ఆయన దగ్గర. పక్కపక్కన కూర్చుని అన్ని నెలలు తాడు పేనాం, భాష రాదు కదా అని దాటేశాను. నిజానికి ఆ మాట నాకు వచ్చు. సామెహ్నీ, అంటే క్షమించమని. టీ ఆలస్యమైనప్పుడల్లా ఆయనతో అంటూనే ఉండేవాణ్ణి.