కూత ఆగేదాకా

మా కాలేజీ కబడ్డీ జట్టు కోసం మేము పాటించినంత నిష్ఠ మా ఇళ్ళలో దేవుడికి కూడా ఎవరూ పాటించలేదు. అరబ్బు దేశంలో మత్రా సూక్ అనే బజారు వెనక ఒకే గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. అందరం కరీంనగర్ వైపు ఒకే డిగ్రీ కాలేజీలో చదివి, ఆ చదువుకు అక్కడ ఏ ఉద్యోగమూ రాక, ఇక్కడ ఒక కంపెనీలో సైటు పనులకు చేరినవాళ్ళం. నేను టైమ్‌కీపర్ని. ఎవరు ఎన్నింటికి డ్యూటీకి వచ్చారో రాయడం నా పని. ఆ పెత్తనం గదిలో కూడా చేయాలని నాకు మహా దుగ్ధ.

ఏటా కాలేజీల పోటీలు అయ్యాక, మా జూనియర్ ఒకడు ఫైనల్ ఆటకు కోర్టు పక్కన కూర్చుని తనే కామెంటరీ చెప్పి క్యాసెట్ నింపేవాడు. లీవు మీద ఊరికి పోయినవాళ్ళు దాన్ని తెచ్చేవాళ్ళు. అప్పటికి ఆట అయిపోయి వారం పది రోజులు దాటేది. ఎవరు గెలిచారో అక్కడ అందరికీ తెలిసిపోయి ఉండేది. అయినా మేము గెలిపించమని మొక్కుకునేవాళ్ళం. శుక్రవారం పొద్దున తలస్నానాలు చేసి, దగ్గర్లోని దార్సైట్ పేటలో కృష్ణుడి గుడికి వెళ్ళొచ్చి, ప్రసాదం టేప్‌రికార్డర్ ముందు పెట్టి, గెలిచిన ఏడాది ఎవరు ఎక్కడ కూర్చున్నారో మళ్ళీ అక్కడే కూర్చునేవాళ్ళం. మనవాడు కూతకు వెళ్తే, కబడ్డీ కబడ్డీ అంటూ వాడు తిరిగి గీత తాకేదాకా మేమూ దమ్ము బిగపట్టాలి. మధ్యలో ఊపిరి వదిలినవాణ్ణి వారమంతా ఏడిపించేవాళ్ళం.

ఒక ఏడు ఎవరికో ఇంటి నుంచి వచ్చిన చిట్టీలో ఫలితం రాసి ఉంది. వాడు దాన్ని పైకి చదివేశాడు. పండగంతా పాడైంది. అప్పుడు నేనొక నియమం పెట్టాను. క్యాసెట్‌తో పాటు వచ్చిన చిట్టీలన్నీ శుక్రవారం దాకా నా ట్రంకులో ఉంటాయి. అందరూ ఒప్పుకున్నారు.

తొంభైలు మొదలైన కొత్తలో సంగతి. నా పక్క మంచం మిత్రుడి తమ్ముడు ఆ ఏడు మా కాలేజీ జట్టులో ఆడాడు. మా గదికి అంతకంటే గొప్పేముంది? ఇక అన్నగా వాడి గర్వమైతే చెప్పనలవి కాదు. ఒక శనివారం సాయంత్రం లీవు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు క్యాసెట్ ఇచ్చి, నా మిత్రుడి పేర ఒక చిట్టీ కూడా ఇచ్చాడు.

"బస్టాండ్ల వాళ్ళ బాపు ఇచ్చిండు. జల్ది ఇయ్యమన్నడు," అన్నాడు.

"అందరు గట్లనే అంటరు అన్నా," అని నవ్వి, రెండూ ట్రంకులో పెట్టి తాళం వేశాను.

నా మిత్రుడు అడిగాడు. "ఒక్కపారి ఇయ్యిరా. చదివి మళ్ళ నీకే ఇస్త. ఎవ్వనికి చెప్ప."

"తమ్ముడు ఆడుతున్నడని నీకొక రూలా? శుక్రారం దాక ఆగు."

వాడు నవ్వేసి డ్యూటీ బట్టలు ఉతుక్కోవడానికి పోయాడు.

ఆ శుక్రవారం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చివరి నిమిషాల్లో తమ్ముడు కూతకు వెళ్ళాడు. జూనియర్ మాట్లాడటం మానేసి మైకు కోర్టు వైపు తిప్పినట్టున్నాడు, తమ్ముడి గొంతు ఒక్కటే వినిపించింది. అవతలివాళ్ళు కాళ్ళు పట్టారని, దుమ్ములో ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడని జూనియర్ ఆ తర్వాత చెప్పాడు, కూత మాత్రం తెగలేదు. గీత తాకాడు. గెలిచాం. మేము మంచాలెక్కి గంతులేశాం. నా మిత్రుడు టేప్‌రికార్డర్‌ను ముద్దు పెట్టుకున్నాడు. అప్పుడు నేను ఏదో బహుమతి ఇస్తున్నట్టు చిట్టీ తీసి వాడి చేతిలో పెట్టాను.

ఆట అయిన నాలుగో రోజు నుంచి తమ్ముడికి కామెర్లు. ముదిరి హైదరాబాద్ ఆస్పత్రిలో వేశారు. అన్నను చూడాలంటున్నాడు. చిట్టీ అందిన దినమే బయలుదేరమని రాశాడు తండ్రి.

పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర. శుక్రవారం ఆఫీసు బంద్. శనివారం పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, సోమవారం విమానం దొరికింది. తమ్ముడు ఆదివారం పోయాడు. నేను ట్రంకుకు తాళం వేశాక ఎనిమిది రోజులు బతికాడు. ఆ ఎనిమిది రోజుల్ని నేను ఎన్ని రకాలుగా పేర్చి చూసుకున్నానో లెక్కలేదు. ఎలా పేర్చినా అన్న సమయానికి చేరుతూనే ఉంటాడు.

నెల తర్వాత వాడు తిరిగొచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి వచ్చి, తన చోట తను కూర్చుని, "క్యాసెట్ పెట్టు," అన్నాడు.

క్యాసెట్ పెట్టి, మీట నొక్కకుండా ఆగాను. "నన్ను తిట్టన్న తిట్టురా," అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. "నువ్వు చిట్టీ ఇయ్యనన్నప్పుడు నాకు పాణం నిమ్మలమైందిరా. నియమం తప్పలే, తమ్ముడు గెలుస్తడు అనుకున్న. నీకు తాళమేసిన పాపమే. నాకు సంబురపడ్డ పాపం."

తనే మీట నొక్కాడు. తమ్ముడు కూతకు వెళ్ళాడు. అన్న కళ్ళు మూసుకుని దమ్ము బిగపట్టాడు, మిగతా ముగ్గురూ బిగపట్టారు. నాకు చేతకాలేదు. ఆ కూత సాగినంతసేపూ ఆ గదిలో ఊపిరి తీసుకుంటున్నది నేనొక్కణ్ణే. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.